ఆరు యాభైకి పోవుడు, పదకొండు యాభైకి చేరుడు

ఐదయింది. లండన్‌లో పదకొండున్నరట. ఫేబ టీచర్ లెక్క నిజమైతే మా అత్త ఇంకా ఆకాశంలోనే ఉంది. నేనేమో పగలు పన్నెండు కొట్టగానే ఇల్లంతా ఊడ్చేశాను, ఊడ్చి డబ్బాలో పోసిన చెత్తను ఒంటిగంటన్నరకు మళ్ళీ తెచ్చి ఇంట్లో చల్లాను, చల్లిన చోట కాలు పెట్టడానికి మనసొప్పక ఇప్పుడిట్లా గడప మీద కూర్చున్నాను. గడప మీద కూర్చోవద్దని కూడా అత్తే చెప్పింది. ఒక తప్పు నెత్తికెక్కాక రెండోది బరువనిపించదు కాబోలు. ఫోన్ ఒళ్ళో ఉంది, మోగదు. మా ఆయన దామోదర్‌కు నాలుగుసార్లు చేశాను. ఆయన ఆర్టీసీ డ్రైవరు, బస్సెక్కితే ఫోన్ సంచీలోకి, సంచీ సీటు కిందికి పోతాయి, కన్నతల్లి గాల్లో ఉన్నా ఆ అలవాటు మారదు. తల్లిని శంషాబాద్‌లో దింపి, అటునుంచి అటే డ్యూటీకి పోయాడు. ఆయన ఎత్తినా ఏం అడగాలో నాకు తెలియదు. మీ అమ్మ ఇంకా చేరలేదట, నేను ఊడ్చేశాను, ఏం చేయమంటావని అడగాలా? ఇట్లాంటివన్నీ మా ఇంట్లో తెలిసిన మనిషి ఒక్కతే, ఆ మనిషే ఇప్పుడు ఫోను అందని చోట ఉంది.

ఇంట్లోంచి ఒకరు ఊరికి బయలుదేరితే వాళ్ళు చేరాల్సిన చోటికి చేరేదాకా ఇల్లు ఊడవకూడదు. మా వైపు ఇది చెప్పాల్సిన పనిలేని సంగతి. నేను మా అమ్మగారింటికి కుల్చారం పోతే గంటసేపు చీపురు ముట్టరు, హైదరాబాద్ పోతే మూడు గంటలు. దామోదర్ రోజూ హైదరాబాద్ పోతాడు, ఆ లెక్కన మా ఇల్లు పెళ్ళినాటి నుంచీ ఊడవకుండానే ఉండాలి, అందుకని అత్త ఒక తీర్పు చెప్పింది, డ్యూటీకి పోవుడు ఊరికి పోవుడు కాదని. ఆమె తీర్పులన్నీ ఇట్లాగే ఉంటాయి, ఎక్కడ వంగాలో అక్కడ వంగుతాయి, నా దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఇనుపకమ్మీలవుతాయి. రాత్రి కారు ఇంటి ముందు ఆగి ఉండగా, మెడలో పలకంత కార్డు వేలాడుతూ ఉండగా, కార్డు మీద ఇంగ్లిష్‌లో తన పేరు బాలలక్ష్మి అనీ, తెలుగు తప్ప రాదనీ, లండన్‌లో ఉన్న కూతురు సుమన ఫోన్ నంబరు ఇదీ అనీ రాసి ఉండగా, ఆమె దిగులు పడింది తన ప్రయాణం గురించి కాదు. "నేను చేరేదాంక ఇల్లు ఊకకు. అర్థమైందా?" అంది. "ఇరవై ఏండ్ల సంది తెలుసు అత్తమ్మా," అన్నాను. తెలుసు. తెలిసే ఊడ్చానా అన్నదే ఇప్పుడు నా బుర్రను తొలుస్తున్నది.

కాదు, తెలిసి కాదు. గోడ మీది క్యాలెండర్‌లో దామోదర్ ఎర్ర పెన్నుతో రాసి పెట్టాడు: అమ్మ ఫ్లైట్, ఆరు యాభైకి పోవుడు, పదకొండు యాభైకి చేరుడు. బస్సు టైములు రాసే చేయి కదా, అట్లాగే రాశాడు. ఆరు యాభై నుంచి పదకొండు యాభై, వేళ్ళ మీద ఐదు గంటలు. మెదక్ నుంచి సిటీకి పోయి, చాయ్ తాగి, తిరుగు బస్సులో సగం దూరం వచ్చేంత సేపు. లండన్ అంటే ఇంతేనా అనుకున్నాను, నిజం చెబుతున్నాను, కాస్త చిన్నచూపు కూడా చూశాను. ఇంతదానికా నెల రోజుల నుంచి ఈ హడావుడి, సుమన కాన్పుకు కారం, శొంఠి పొడి, పాత చీరల మెత్తని గుడ్డలు, బ్యాగును తూకమేసి విప్పి మళ్ళీ కట్టి? ఐదు గంటలకైతే నేనే పోయి దింపి రాత్రికి వచ్చి అన్నం వండనా? పదకొండు యాభైకి గడియారం చూశాను. పది నిమిషాలు ఆగాను, దిగడానికి, కాలు నేలకు తగలడానికి. మనసులో దండం పెట్టాను కూడా. పన్నెండుకు చీపురు అందుకున్నాను. ఇంత జాగ్రత్తగా చేసిన పని తప్పెట్లా అవుతుంది?

కాని ఎట్లా ఊడ్చానో అదీ చెప్పాలి కదా. రోజూ ఊడ్చినట్టు ఊడవలేదు. కిటికీలు తెరిచాను, తలుపు వెనకాల, బీరువా కింద, చీపురు పోని చోట చేయి పెట్టి లాగాను. నోట్లో ఏదో పాట కూడా ఉండింది. కిటికీ కాడ ఉన్న అత్త మంచాన్ని ఒక్కదాన్నే లోపలి గదిలోకి ఈడ్చాను, వంటింటి మూల చీకట్లో ఉండే నా కుట్టుమిషన్‌ను తెచ్చి ఆ వెలుతురులో పెట్టాను. సూదిలోకి దారం మొదటిసారికే ఎక్కింది. ఎన్నేళ్ళయిందో అట్లా ఎక్కి. ఫాల్సు కుట్టినా, బ్లౌజు కుట్టినా, పట్టపగలు లైటు వేసుకుని కుట్టే బతుకు నాది, కిటికీ వెలుతురంతా పడుకుని ఉన్న ముసలామెకు. కాబట్టి ఇది ఊడ్చడమా, ఊడ్చిపారేయడమా? పదకొండు యాభై అని రాసి ఉండకపోతే ఆగేదాన్నా, లేక ఏదో ఒక అంకె కోసమే చూస్తూ ఉన్నానా? ఐదు గంటల్లో లండన్ ఎట్లా వస్తుందని ఒక్కసారైనా ఎందుకు తట్టలేదు నాకు? జానెడు గుడ్డలో ఎన్ని కుచ్చులు వస్తాయో చూడగానే చెప్పేదాన్ని, ఈ లెక్క దగ్గర ఎందుకు నిలబడిపోయాను? తట్టిందేమో. తట్టినా పక్కకు నెట్టానేమో. నాకు తెలియడం లేదు, నా మనసులో ఉన్నది నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది.

ఒంటిగంట కావస్తుండగా ఫేబ టీచర్ బ్లౌజు కోసం వచ్చింది. చర్చి దగ్గరి బడిలో పిల్లలకు సోషల్ చెబుతుంది ఆమె, మా వీధిలోనే ఇల్లు, క్రిస్మస్‌కు ముందే కుట్టించుకుంటుంది రద్దీ కాకుండా. లోపలికి వచ్చి మిషన్‌ను చూసి, "అరె, వెలుతుర్లకు వచ్చినవు! అత్త చేరిందా?" అంది. "చేరింది టీచర్, పన్నెండింటికే," అన్నాను. "పన్నెండింటికి ఎట్ల చేరుతది మమతా? పొద్దున ఏడింటికి ఎక్కింది గదా?" క్యాలెండర్ చూపించాను. కళ్ళద్దాలు సర్దుకుని చదివి నవ్వింది. "అది ఆడి టైం. మన టైం కాదు. మనకాడ పదకొండు యాభై అయినప్పుడు ఆడ ఇంక తెల్లారి ఆరు ఇరవై. మన లెక్కల సాయంత్రం ఐదు ఇరవైకి దిగుతది. పదిన్నర గంటల దారి అది, ఏడువేల ఏడువందల కిలోమీటర్లు. ఐదు గంటలల్ల పోవాలంటే తుపాకి గుండు కావాలె." అప్పటికీ నాకు ఎక్కలేదు. దారపు రీలు ఒకటి తీసి, ఇది భూమి అనుకో అని, బల్బు వైపు తిప్పి చూపించింది, ఈ వైపు మెదక్, ఆ వైపు లండన్, వెలుతురు మొదలు మనకు, తరువాత వాళ్ళకు. రీలు తిరిగింది, దారం ఊడి కింద పడింది, నేను ఆ దారాన్నే చూస్తున్నాను. ఊడ్చిన నేల మీద పడింది అది. "టీచర్, నేను ఊకిన," అన్నాను. ఆమెకు వెంటనే అర్థమైంది, వాళ్ళ అమ్మ కూడా పాటించేదట. నవ్వు ఆపింది. "ఏం కాదు, పరేషాన్ కాకు. నేను ప్రార్థన చేస్త," అని ఫోన్ తీసి పటం తెరిచింది. పటం మీద ఈగంత పసుపు విమానం, కదులుతున్నట్టే లేదు. ఎక్కడుందంటే నల్ల సముద్రం అంది. ఆ పేరు వినకుండా ఉంటే బాగుండేది.

ఆమె పోయింది, ఆ పటం కూడా ఆమెతోనే పోయింది. నా ఫోన్లో అది దొరకలేదు, పేరేదో చెప్పింది, నేనేదో కొట్టాను, విమానం టికెట్లు కొంటారా అని వచ్చింది. అప్పటినుంచి లెక్కలే వేస్తున్నాను. ఏడువేల ఏడువందల కిలోమీటర్లంటే దామోదర్‌కు పందొమ్మిది ఇరవై రోజుల డ్యూటీ, రోజుకు రెండుసార్లు పోయి వచ్చే లెక్కన. అది పదిన్నర గంటల్లో అయిపోతుందట. అయిపోయాక గడియారాన్ని ఐదున్నర గంటలు వెనక్కి తిప్పుకోవాలట. మరి ఆ ఐదున్నర గంటలు ఎక్కడివి? అత్త ఈ రోజు ఆ గంటలు ఎక్కువ బతుకుతుందా? టీచర్ అన్నది, పొద్దుతో పాటే పోతది విమానం, మీ అత్తకు ఇయ్యాల పొడుగు రోజు అని. పోయేటప్పుడు ఇచ్చి వచ్చేటప్పుడు గుంజుకుంటారన్నమాట, రాకపోతే ఆమెకే మిగిలిపోతాయా? రాకపోతే అని ఎందుకు అనుకున్నాను? అనుకోలేదు, నోటి దాకా వచ్చింది అంతే. బీపీ గోలీ పగటి అన్నం తిన్నాక వేసుకోవాలి, ఏ పగటి అన్నం, ఇక్కడిదా అక్కడిదా, దారిలో పెట్టిందా? ఒంటిగంటకు వేసుకోండ్రి అని డబ్బా మీద రాసి ఇచ్చింది నేనే. ఆమె ఒంటిగంట కోసం చూస్తూ కూర్చుంటే ఒంటిగంట వెనక్కి వెనక్కి పోతూ ఉంటుంది. నేను మధ్యాహ్నం ఊడ్చినప్పుడు అక్కడ తెల్లవారలేదు, అంటే అక్కడి లెక్కలో నేను ఊడ్చింది పొద్దున్నే, అంటే ఇంకా నయమా, ఇంకా అధ్వానమా? నాకు చదువు పదో తరగతి దాకా ఉంది, అదేమీ పనికి రావడం లేదు.

చెత్త మళ్ళీ చల్లాలని ఎట్లా తోచిందో తెలియదు. అట్లా చేస్తే చెల్లుతుందని ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు. మున్సిపాలిటీ బండి పొద్దున్నే వచ్చి పోతుంది, కాబట్టి చెత్త ఇంకా డబ్బాలోనే ఉంది, నేను ఊడ్చిందే పైన ఉంది. చాటలో ఎత్తుకుని వచ్చి, ఏది ఏ గదిదో చూసి చల్లబోయాను, అదేమైనా తెలుస్తుందా. నా దారం ముక్కలు, గుడ్డ పేలికలు, అత్త నమలలేక ఉమ్మిన వక్క పలుకులు, శొంఠి పొట్టు, తెల్ల వెంట్రుకల ఉండ ఒకటి. ఆ ఉండను చేతిలోకి తీసుకున్నాను. రోజూ అసహ్యించుకునేదాన్ని దాన్ని, దువ్వుకున్నాక మూలకు విసురుతుంది, ఎన్నిసార్లు చెప్పినా వినదు. కిటికీ దగ్గర మంచం ఉండే చోట పెట్టాను. చాట దులిపి నిలబడి చూస్తే ఇల్లు పొద్దున ఉన్నట్టు లేదు, చెత్త ఊడవకుండా ఉన్నట్టు కాక ఎవరో పిచ్చిది వచ్చి పోసినట్టు ఉంది. నవ్వు వచ్చింది. వెంటనే భయం వేసింది. మామ శవాన్ని ఎత్తిన రోజు గుర్తుకొచ్చింది కనుక.

పాడె వీధి మలుపు తిరగకముందే అత్త నా చేతికి చీపురు ఇచ్చింది. "ఊకు మమతా, ఆగకు, లోపలి నుంచి బయటికి ఊకు," అంది. ఆమె ఏడవడం లేదు, పని చెబుతున్నది. నేను ఊడుస్తుంటే పువ్వుల రేకులు, పసుపు, మరమరాలు గడప దాటి పోయాయి, మామ చెప్పులు కూడా ఎవరో తోశారు. పోయినవాడు తిరిగి చూడకుండా ఉండాలంటే అట్లా ఊడవాలట. అదే చీపురు, అదే చేయి. బతికున్న మనిషి దారిలో ఉండగా ఊడిస్తే ఏమవుతుందో అందుకే ఎవరూ వివరంగా చెప్పరు. ఆ చెప్పకపోవడంలోనే అంతా ఉంది. నేను ఇవేవీ నమ్మే మనిషిని కాననుకున్నాను ఇన్నాళ్ళూ, అత్త మాట పడలేక పాటిస్తున్నాననుకున్నాను. నమ్మకపోతే ఆ చెత్తను మళ్ళీ ఎందుకు తెచ్చి చల్లాను?

పెళ్ళయిన మూడో ఏడు ఈ కిటికీ గురించే పెద్ద గొడవైంది. మిషన్‌ను వెలుతురులోకి జరుపుతానన్నాను. "నా మంచం జరిపినంక నేనెందుకు ఈ ఇంట్ల, నన్నే జరుపు," అంది అత్త. మాటకు మాట పెరిగింది. నా చేతిలో ఉన్న నూకల చాటను విసిరికొడితే నేలంతా నూకలు చల్లుకున్నాయి. చీర మార్చుకుని, ఆటో ఎక్కి, కుల్చారం పోతున్నా, మళ్ళీ రాను అని చెప్పి పోయాను. రాందాస్ చౌరస్తా దాటాక చూసుకుంటే కొలతల పుస్తకం మరిచిపోయాను, పది మంది కొలతలు అందులో ఉన్నాయి, వెనక్కి తిప్పించాను. ఇంటికి వచ్చేసరికి అత్త పక్కింటామెకు నా ఏడు తరాల గురించి చెబుతున్నది, గొంతు వీధి చివరి దాకా వినిపిస్తున్నది. ఇంట్లో నూకలు మాత్రం విసిరినవి విసిరినట్టే ఉన్నాయి, వాటి మీద చీమలు, ఆ చీమల మధ్య మంచం మీద కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చుంది. "ఇల్లు ఊకలేదా?" అన్నాను పౌరుషంగా. "నువ్వు ఇంక కుల్చారం చేరలేదు గదనే," అంది, అని మళ్ళీ తిట్టడం మొదలుపెట్టింది. ఆ రోజు నేను కుల్చారం పోలేదు. నూకలు ఏరాను. కిటికీ మాట మళ్ళీ ఎత్తలేదు. ఆమె నన్ను పొమ్మని అంతగా తిట్టి కూడా చీపురు ముట్టలేదు, నేను ఒక్క తిట్టూ తిట్టకుండా, పాట పాడుకుంటూ, ఆమె దారిలో ఉండగా ఊడ్చాను.

ఐదు ఇరవై అయింది. ఇప్పుడు దిగుతూ ఉండాలి. లేచి నిలబడ్డాను, ఎందుకో. ఐదున్నర అయింది. దిగితే ఫోన్ చేయరా? కార్డు మెడలో ఉందా, ఊడి ఎక్కడైనా పడిందా? ఐదు నలభై. చక్రాల కుర్చీలో తీసుకుపోతారన్నారు, ఎక్కనంటుంది ఆమె, నాకేం కాళ్ళు లేవా అంటుంది, వాళ్ళకు తెలుగు రాదు. లోపల చీకటి పడుతున్నది, దీపం పెట్టాలి, ఈ చెత్తలో దీపమెట్లా పెట్టను? ఆరు. టీచర్‌ను అడుగుదామని రెండడుగులు వేసి, నేను లేనప్పుడు ఫోన్ వస్తుందేమోనని వెనక్కి వచ్చాను, ఫోన్ చేతిలోనే ఉంది. ఇప్పటిదాకా ఏ దేవుడికీ మొక్కలేదు, ఏమని మొక్కాలో తెలియక. క్షేమంగా చేర్చు దేవుడా అంటే, మరి నువ్వు ఊడ్చింది ఎందుకే అని అడుగుతాడు. ఆరూ పది. ఆరూ పన్నెండుకు మోగింది, తెలియని పొడుగు నంబరు. రెండుసార్లు తప్పు చోట నొక్కాను.

"అత్తమ్మా?"

"ఆఁ, నేనే. ఒర్రకు, ఇనొస్తుంది. స్వామి ఫోన్ల మాట్లాడుతున్న."

స్వామి సుమన మొగుడు. "చేరిండ్రా? మంచిగున్నరా?"

"చేరిన. కాళ్ళు వాచినయ్. గాలిమోటరు అంటే ఏమో అనుకున్న, దినమంత కూసుండబెట్టిండ్రు. గిక్కడ లోపట్నే సలి మస్తున్నది. ఇంక పగటి బువ్వ యాల్ల సుత కాలేదంటున్నడు ఈయన, నాకేమో ఆకలి అయ్యి పోయింది. నువ్వు తిన్నవా?"

"తిన్న." పొద్దుటి నుంచి చాయ్ తప్ప ఏమీ ముట్టలేదని అప్పుడు గుర్తుకొచ్చింది.

"సరే. ఇగ ఇల్లు ఊక్కో. పొద్దటి సంది గట్లనే ఉన్నదేమో. నేను చేరిన గదా."

సరే అత్తమ్మా అనాలి. అనడానికే నోరు తెరిచాను. "ఎప్పుడొస్తరు?" అన్నాను.

అవతల ఎవరో ఇంగ్లిష్‌లో మైకులో చెబుతున్నారు, సామాన్ల బండ్లేవో ఈడుస్తున్న చప్పుడు. "ఏమైందే నీకు? ఇప్పుడే దిగిన, ఇంక బయటి గాలి సుత తాకలేదు."

"ఎప్పుడొస్తరో చెప్పుండ్రి అత్తమ్మా."

"టికెట్ల మూడు నెల్లని ఉన్నది గద." పక్కన స్వామి వినకూడదన్నట్టు గొంతు తగ్గించి అంది: "ఎప్పుడు పోతవు, ఎప్పుడు పోతవు అని నెల సంది అందరడిగిండ్రు మమతా. ఎప్పుడొస్తవని నీ మొగడు సుత అడగలే."

ఆ మాటకు నేను ఏం చెప్పానో గుర్తు లేదు. ఏడుస్తున్నానని ఆమెకు తెలియకూడదని ఏదో టమాటల ధర గురించి చెప్పానేమో. ఫోన్ పెట్టేశాక లోపలికి పోయి లైటు వేసి, ఆ పోసిన చెత్తలో అట్లాగే నిలబడ్డాను. మధ్యాహ్నం ఎందుకు ఊడ్చానో ఇప్పటికీ నాకు తెలియదు. ఎప్పుడొస్తరని అడిగింది మాత్రం నేనే.